ఊదా దీపం వెలిగితేనే పాట

తోటవలసలో ప్రభుత్వం వారిదొక శ్రవణశాల ఉంది. అంటే జనం వచ్చి కూర్చుని పాటలు వినే గది. ఎప్పుడో ఒక మంత్రిగారు ముచ్చటపడి కట్టించారు. ఆ తరువాత వచ్చినవాళ్లెవరికీ దాన్ని మూయించాలన్న సంగతి గుర్తు రాలేదు కాబట్టి అది బతికిపోయింది. ఒక హాలు, వెనక ఒక స్టోరు గది, ఇరవై కుర్చీలు, గోడకి రెండు పాత స్పీకర్లు, వీటన్నిటి మీదా తవిటినాయుడు.

తవిటినాయుడి హోదా శ్రవణ సహాయకుడు. అంతకుముందు పదహారేళ్లు జిల్లా ఆఫీసులో స్టోర్‌కీపరుగా చేశాడు. విరిగిన కుర్చీల లెక్క చూసినవాణ్ని తీసుకొచ్చి పాటల మీద కూర్చోబెట్టారని మొదట్లో గొణుక్కున్నా, పాటలు కుర్చీలంత చోటు ఆక్రమించవు గనక త్వరలోనే సర్దుకున్నాడు. రాజధానిలో నాదనిధి అని ఒక పెద్ద కంప్యూటరుంది. రాష్ట్రంలో పోగుచేసిన పాటలన్నీ అందులో ఉంటాయి. ఎవరైనా వచ్చి ఫలానా పాట అంటే తవిటినాయుడు నెట్లో దాన్ని పిలిచి స్పీకర్లలో పెడతాడు. పొద్దుటి పూట రిటైరైన లైన్‌మన్ గవరయ్య నాటక పద్యాల కోసం వస్తాడు. గురువారం మధ్యాహ్నం దాలమ్మ వస్తుంది.

దాలమ్మ జీడి బట్టీలో పప్పు వలిచే మనిషి. యాభై అయిదేళ్లుంటాయి. వేళ్ల కొసలు జీడి రసానికి నల్లబడి ఎన్నిసార్లు కడిగినా ఆ నలుపు పోదు. గురువారం బట్టీకి సెలవు. ఆ రోజు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పెళ్లికెళ్లినంత శ్రద్ధగా శ్రవణశాలకొచ్చి మూడో కుర్చీలో కూర్చుంటుంది. ఆమె వినే పాట ఒక్కటే. ఆమెకి పదేళ్లప్పుడు, పాటలు సేకరించేవాళ్లు టేపు రికార్డరు పట్టుకుని వాళ్ల ఊరొచ్చి, పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ల పాట పట్టుకెళ్లారు. ఎత్తి పాడే గొంతు దాలమ్మ తల్లిది. పాట సగంలో ఆ తల్లి ఆపేసి కూతుర్ని కేకేస్తుంది. "ఒలే దాలీ, దూడ నారు మేసెత్తంది, సూడవేటే మొద్దుముకమా" అని తిట్టి, మళ్లీ పాట అందుకుంటుంది. ఆ మరుసటేడు ఆమె జ్వరమొచ్చి పోయింది. ఫోటో లేదు. దాలమ్మకి తల్లంటే ఈ భూమ్మీద మిగిలింది ఆ తిట్టొక్కటే. ఆ కేక దగ్గరికొచ్చేసరికి ప్రతి వారమూ ఆమె పెదాలు కదిలేవి. ఏదో జవాబు చెప్పబోయి మానుకున్నట్టుండేది. తవిటినాయుడు అది చూసేవాడు గాని ఎప్పుడూ అడగలేదు.

ఇలా ఉండగా రాష్ట్ర శ్రవణ ప్రమాణాల మండలి అధ్యక్షులవారు విమానమెక్కారు. పక్క సీటాయన మర్యాదకి తన హెడ్‌ఫోన్స్ ఇచ్చి ఒక పాట వినిపించాడు. ఆ పాటలో వీణ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా అధ్యక్షులవారికి స్పష్టంగా వినబడిందిట. రాష్ట్ర ప్రజలు ఈ వేలు జారుడు వినకుండానే పుట్టి, వినకుండానే పోతున్నారన్న బాధతో ఆయన విమానం దిగారు. పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది.

"విషయము: పౌరుల శ్రవణ స్థాయిని పెంపొందించుట గురించి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయడమేమనగా, ఇకమీదట ప్రభుత్వ శ్రవణశాలలయందు పౌరుడు వినెడి ప్రతి గీతమును సంపూర్ణ స్పష్టతా స్థాయియందే వినవలెను. సదరు స్థాయికి తక్కువగా విన్నచో, విననట్లుగానే పరిగణించబడును."

ఉత్తర్వు వెనకే ఒక గురువారం నాడు పార్సిలొచ్చింది. అందులో రెండు సెట్లున్నాయి, ఒకటి వాడకానికి, ఒకటి రిజర్వుకి. ఒక్కో సెట్టులో ఒక ఫోను, ఒక జత మంచి హెడ్‌ఫోన్స్, ఆ రెంటికీ మధ్య తగిలించే అగ్గిపెట్టంత డబ్బా ఉన్నాయి. ఆ డబ్బాని కాగితంలో "అంకీయ నాద పరివర్తకము" అన్నారు. తవిటినాయుడు అగ్గిపెట్టె అన్నాడు. దానికొక చిన్న దీపముంది. మామూలు పాటకి ఆకుపచ్చగా, కొంచెం మెరుగైన పాటకి నీలంగా, సంపూర్ణ స్పష్టతకి ఊదారంగులో వెలుగుతుందని కాగితం చెప్పింది.

దాలమ్మ అప్పటికే మూడో కుర్చీలో ఉంది. తవిటినాయుడు వైర్లన్నీ తగిలించి, హెడ్‌ఫోన్స్ ఆమె తలకి పెట్టి, ఆమె పాటే ముందు పిలిచాడు. దీపం ఆకుపచ్చగా వెలిగింది. దాలమ్మ కళ్లు మూసుకుంది. కేక దగ్గరికొచ్చేసరికి ఆమె ఒళ్లు ఒక్కసారి కదిలింది. పాట అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని వాటికేసి చూస్తూ కూర్చుంది.

"ఏటైనాది అప్పా, సరిగ్గా రాలేదా?" అన్నాడు తవిటినాయుడు.

"మా అమ్మ నవ్వినాది బాబూ."

"ఎక్కడ?"

"నన్ను తిట్టినాక. సిన్నగా నవ్వినాది. ఇన్నాళ్లూ ఆ పెట్టెల్లో ఇనబడనేదు. కోపంగా తిట్టినాదనే అనుకున్నాను." ఆమె చీర కొంగుతో కళ్లొత్తుకుంది. "మురిపానికి తిట్టినాది బాబూ."

తవిటినాయుడు కూడా పెట్టుకుని విన్నాడు. నిజమే. మొద్దుముకమా అన్న మాట వెనక, దూడ మెడగంట కింద, ఒక చిన్న నవ్వుంది. అధ్యక్షులవారి మీద అతనికి గౌరవం కలిగింది. ఉత్తర్వులు చదివే ఇరవయ్యేళ్ల సర్వీసులో అలా జరగడం అదే మొదలు. ఆ ఉత్సాహంలో సెట్టు దివ్యంగా పనిచేస్తోందని చెప్పడానికి హెల్ప్‌లైనుకి ఫోన్ చేశాడు.

"మీ దీపం ఏ రంగులో ఉంది సార్?" అంది అవతలి అమ్మాయి.

"ఆకుపచ్చమ్మా."

"పాట వస్తోందా?"

"బెమ్మాండంగా వస్తంది. ఒకావిడ విని ఏడ్చింది కూడాను."

"ఆకుపచ్చలో ఏడ్చినవి రిపోర్టులోకి రావు సార్. ఊదా రంగు తెచ్చుకుని, అప్పుడు ఏడిపించండి."

ఆ రోజు నుంచి తవిటినాయుడు ఊదా రంగు వేటలో పడ్డాడు. ఫోనుకొక గుణముంది. ఎంత పెద్ద పాట వచ్చినా దాన్ని తన సొంత కొలతకి కత్తిరించిగాని బయటికి పంపదు. కత్తిరించొద్దని దానికి చెప్పాలి. చెప్పే చోటు మామూలు సెట్టింగుల్లో ఉండదు. ఫోను వివరాలున్న పేజీకి వెళ్లి, ఒక నంబరు మీద వరసగా ఏడుసార్లు వేలితో కొడితే, మీరిప్పుడు డెవలపరయ్యారని ఫోను ప్రకటిస్తుంది. ఆ విధంగా నలభై ఆరేళ్ల వయసులో తవిటినాయుడు డెవలపరయ్యాడు. అయినా దీపం ఆకుపచ్చే. అగ్గిపెట్టె ముందు తగిలించి తరువాత పాట తెరవాలట. పాట తెరిచి అగ్గిపెట్టె తగిలిస్తే పనికిరాదట. చార్జింగు వైరు వేరు, పాట వైరు వేరట, రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. బ్యాటరీ పొదుపు ఆపాలి, నోటిఫికేషన్లు ఆపాలి, ఎవరైనా ఫోన్ చేస్తే మళ్లీ మొదటికి రావాలి. చివరికి మొత్తం పదిహేడు మెట్లు తేలాయి. తవిటినాయుడు వాటిని అట్టముక్క మీద రాసి గోడకి తగిలించాడు.

"కరెంటు స్తంభం ఎక్కడానిక్కూడా ఇన్ని జాగర్తల్లేవు నాయుడూ," అన్నాడు గవరయ్య.

పద్దెనిమిదో రోజున దీపం ఊదాగా వెలిగింది. అయితే కత్తిరించని పాట మామూలు పాటకి పది పన్నెండింతలుంటుంది. తోటవలస నెట్టుకి అంత బరువు అలవాటు లేదు. నాలుగు సెకన్లు పాడి అర నిమిషం ఆగేది. గవరయ్య కోసం పద్యం పెడితే, నాటకంలో రాజుగారు రాగం ఎత్తుకోగానే ఆగిపోయారు. గవరయ్య బయటికెళ్లి, టీ తాగి, బడ్డీ దగ్గర పేపరు చూసి వచ్చాడు. రాజుగారు ఇంకా నోరు తెరుచుకునే ఉన్నారు. కాని దీపం మాత్రం చెక్కుచెదరకుండా ఊదాగా వెలుగుతూనే ఉంది. నెలవారీ నివేదికలో దీపం రంగుకి ఒక గడి ఉంది గాని పాట వినబడిందా అన్న గడి లేదు. తవిటినాయుడు "ఊదా" అని రాసి పంపాడు. తోటవలస శ్రవణశాలకి మెచ్చుకోలు పత్రం వచ్చింది.

దాలమ్మ పాట మాత్రం ఎన్ని మెట్లెక్కినా ఆకుపచ్చ దాటలేదు. నలభై అయిదేళ్ల నాటి టేపు అది, దాంట్లో ఉన్నదే అంత. తవిటినాయుడు గురువారం మధ్యాహ్నం రిజర్వు సెట్టు తీసి, దాని అగ్గిపెట్టె మీద రుమాలు కప్పి ఆమెకి వినిపించేవాడు. రుమాలెందుకని ఆమె అడిగితే ఎండ తగలకుండా అన్నాడు.

మెచ్చుకోలు పత్రం వచ్చిన చోటికి తనిఖీ రాక తప్పదు. పర్యవేక్షణాధికారి చిదంబరేశ్వరరావుగారు చెప్పాపెట్టకుండా గురువారం మధ్యాహ్నమే జీపు దిగారు. చేతిలో గోడ రంగుల కంపెనీవాళ్లిచ్చే రంగుల కార్డు ఉంది.

"ఊదాలో వంగపండు ఊదా, నేరేడు ఊదా అని రెండు విధములున్నవి. మండలి ఆమోదించినది నేరేడు," అంటూ ఆయన బల్ల మీద వెలుగుతున్న సెట్టు దీపం పక్కన కార్డు పట్టుకుని చూసి తృప్తిపడ్డాడు.

"ఒక్కసారి పెట్టుకుని వినండి సార్," అని తవిటినాయుడు హెడ్‌ఫోన్స్ అందించబోయాడు.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను వినను. చెవి అనునది వ్యక్తిగతము. ఒకరికి బాగున్నది మరొకరికి బాగుండదు. దీపము సార్వజనీనము. ముప్ఫై శ్రవణశాలలు తనిఖీ చేసితిని, ఒక్క పాట విన్న పాపమున పోలేదు. అందుచేతనే నా నివేదికలపై ఇంతవరకు ఒక్క ఆరోపణ లేదు."

అప్పుడాయన దృష్టి మూడో కుర్చీ మీదా, రుమాలు మీదా పడింది. రుమాలెత్తి చూశాడు. ఆకుపచ్చగా ఉంది.

"ఇదేమి?"

"నాట్ల పాట సార్. పాత టేపు," అన్నాడు తవిటినాయుడు.

"పాతదైనంత మాత్రమున ఆకుపచ్చగా ఉండవలెనని ఎక్కడున్నది? దోషములుండబట్టి ఉన్నది. మీరు విని, గీతము కాక అందులో ఇంకేమేమి ఉన్నవో వరుసగా చెప్పుడు. నేను వ్రాసుకొందును."

పై అధికారి అడిగితే చెప్పక తప్పదు. తవిటినాయుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కొక్కటే చెప్పాడు. గాలి, నీళ్ల చప్పుడు, గాజులు, కాకి, ఎవరిదో దగ్గు, దూడ మెడగంట, దూరాన రైలు కూత, టేపు బుస. ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. కేక వచ్చి వెళ్లిపోతున్నా నోరు మెదపలేదు.

"ఇంతేనా?"

"ఇంతే సార్."

దాలమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. ఎవరో పెద్దాయన జీపులో వచ్చి తన తల్లి పాటలోని ప్రతి చప్పుడూ పేరుపేరునా రాసుకుంటుంటే ఆమెకి గర్వంగా ఉంది. తవిటినాయుడు అసలుదే మర్చిపోయాడని తోచి ఆమె లేచి నిలబడింది.

"అదేటి బాబూ, మా అమ్మ నన్ను పిలిసినాది సెప్పవేటి? నన్ను తిట్టినాదండి. తిట్టి నవ్వినాదండి. అదీ రాసుకోండి."

"పిలుపు, తిట్టు, నవ్వు," అంటూ చిదంబరేశ్వరరావు తొమ్మిది, పది, పదకొండు వేశాడు. తరువాత కలం మూసి తీర్పు చెప్పాడు. ఈ పాటను రాజధానిలోని శుద్ధి విభాగమునకు పంపవలెను. పదకొండు దోషములూ తొలగించి, సంపూర్ణ స్పష్టతా స్థాయికి తెచ్చిన శుద్ధ ప్రతి వచ్చును. ఆకుపచ్చ ప్రతి నాదనిధి నుండి శాశ్వతముగా తుడిచివేయబడును.

తాను చేసిందేమిటో దాలమ్మకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె ఆయన కాళ్ల మీద పడలేదు, ఏడవలేదు. బేరం ఆడినట్టు మెల్లిగా అడిగింది.

"బాబూ, పాట తీసుకోండి. మొత్తం అట్టుకెల్లిపోండి. ఆ తిట్టొక్కటి నాకొగ్గీండి."

"దోషమును పౌరులకు అప్పగించు నిబంధన లేదమ్మా," అని ఆయన జీపెక్కాడు.

ఆ సాయంత్రం తవిటినాయుడికి ఇంటికెళ్లాలనిపించలేదు. మధ్యాహ్నమే తన సొంత ఫోను హెడ్‌ఫోన్స్ దగ్గర పెట్టి ఆ పాటను రికార్డు చేసి దాలమ్మకి వినిపించాడు. "అమ్మ నూతిలోంచి పిలిసినట్టుంది బాబూ, నవ్వు నేదు," అని ఆమె ఫోను తిరిగిచ్చేసి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు అతని మీద కోపం చూపించినా బాగుండేది. తప్పు నాదే అంటూ వెళ్లింది. తవిటినాయుడు స్టోరు గదిలో మూడు కాళ్ల కుర్చీ మీద కూర్చున్నాడు. చుట్టూ విరిగిన కుర్చీలు, తలుపు లేని బీరువా, ముల్లు లేని గోడ గడియారం. పనికిరావని కొట్టేసి తొమ్మిదేళ్లయినా అన్నీ అక్కడే ఉన్నాయి. ప్రభుత్వంలో వస్తువు మంచిదైతే ఎవరో ఒకరు పట్టుకుపోతారు. పనికిరాదని ఒకసారి రాశాక మాత్రం ఎవరూ ముట్టుకోలేరు. దాన్ని పారెయ్యాలంటే కమిటీ కూర్చోవాలి. ఆ కమిటీ కూర్చోగా అతను పదహారేళ్ల స్టోర్‌కీపరు ఉద్యోగంలో చూడలేదు.

తవిటినాయుడు దిగ్గున లేచాడు. కుర్చీ పడిపోయింది. దాన్ని అలాగే వదిలేసి బల్ల దగ్గరికెళ్లి కాగితం తీశాడు.

"ఆర్యా, శుద్ధికై పంపిన గీతము నుండి తొలగింపబడు దోషములు పదకొండును ఈ శ్రవణశాల ఆస్తిలోనివే. స్టోర్సు నియమావళి ప్రకారము, నిరుపయోగమని తీర్మానించిన ఏ వస్తువునైనను కమిటీ సమావేశమై నిర్ణయించువరకు సొంత స్టోరునందే భద్రపరచవలెను. కావున సదరు దోషములను, మండలి ప్రమాణములకు లోపము రాకుండ సంపూర్ణ స్పష్టతా స్థాయియందే విడిగా పొందుపరచి, జాబితాతో సహా వాపసు చేయగోరుచున్నాను. చేయని యెడల ఆస్తి తగ్గుదలకు సంజాయిషీ శుద్ధి విభాగము వారే ఇచ్చుకొనవలసియుండును."

చివరి వాక్యం చదివి శుద్ధి విభాగం మొత్తం ఉలిక్కిపడిందని తరువాత తెలిసింది. సంజాయిషీ మాట వింటే ప్రభుత్వంలో పర్వతాలు కూడా పక్కకి జరుగుతాయి. రెండు వారాల్లో నాదనిధిలో తోటవలస పేరు మీద రెండు పాటలు వచ్చాయి. ఆస్తి లెక్కలోవి గనక, మిగతా పాటల్లా నెట్లో పిలవనక్కర్లేకుండా వాటిని ఫోనులోకే దించుకోనిచ్చారు. ఒకటి "శుద్ధ ప్రతి". రెండోది "దోషములు, పదకొండు, స్టోరు నిమిత్తం".

తవిటినాయుడు ముందు శుద్ధ ప్రతి పెట్టాడు. దీపం నేరేడు ఊదా. హెడ్‌ఫోన్స్‌లో ఏమీ లేదు. శబ్దం పెంచాడు, అయినా ఏమీ లేదు. గవరయ్యకి పెట్టాడు. గవరయ్య నాలుగు నిమిషాల పదకొండు సెకన్లూ ఓపిగ్గా కూర్చుని, "నాకు చెవుడొచ్చీసిందేటి నాయుడూ?" అన్నాడు. తవిటినాయుడు హెల్ప్‌లైనుకి చేశాడు.

"పాటలో పాట లేదమ్మా."

"దోషం ఏమైనా ఉందా సార్?"

"లేదు."

"దీపం?"

"ఊదా."

"మరి ఇంకేం కావాలి సార్? రాష్ట్రంలో నూటికి నూరు స్వచ్ఛత వచ్చింది మీదొక్కటే. మా మిషను ఆ టేపులో ఏ ముక్క పట్టుకున్నా దోషమే తగిలిందట. అన్నీ తీసేశాక ఇది మిగిలింది."

రెండోది తెరవడానికి ధైర్యం చాలక తవిటినాయుడు అట్టముక్క చూస్తూ పదిహేడు మెట్లూ మళ్లీ మొదటినించి ఎక్కాడు. తరువాత తెరిచాడు. ఊదా. గాలి వచ్చింది. నీళ్లు వచ్చాయి. గాజులు, కాకి, వెనకనే ఎత్తి పాడే గొంతు, అందుకునే గొంతులు. మిషనుకి పాట కూడా దోషంగానే కనబడింది గనక మొత్తం పాటంతా ఇటే వచ్చేసింది. దగ్గు, రైలు కూత, "ఒలే దాలీ". తిట్టు. నవ్వు. నవ్వు ఉంది. తవిటినాయుడు పొంగిపోయి గవరయ్య చేతిని పట్టుకుని ఊపేశాడు. ఎందుకో చెప్పే స్థితిలో లేడు.

ఈ లోపల రాజధానిలో ఇంకోలా పొంగిపోయారు. సున్నా దోషాల గీతం తయారైందన్న వార్త మండలిలో గుప్పుమంది. మిగిలిన జిల్లాలవాళ్లు తమ పాటలు కూడా అంత స్వచ్ఛంగా చేయించమని ఒత్తిడి తెచ్చారు. ఒక జిల్లావారైతే ఆరువందల పాటలు పంపి, ఆరువందలూ నిశ్శబ్దంగా వెనక్కి తెచ్చుకుని సన్మానాలు చేసుకున్నారు. అయినా మొదటిది మొదటిదే. పురస్కారం ఇవ్వడానికి అధ్యక్షులవారు స్వయంగా తోటవలస వస్తారని, అక్కడే ఆ గీతాన్ని వింటారని కబురొచ్చింది. గురువారం మధ్యాహ్నం మూడు గంటలకి.

ఆ గురువారం హాలునిండా జనం. కుర్చీలకి కొత్త గుడ్డలు, ద్వారానికి పూలదండలు, బల్ల మీద ఊదారంగు పట్టుగుడ్డ పరిచి దాని మీద అగ్గిపెట్టె. పాట పోయినప్పట్నించీ ఇటు రాని దాలమ్మ, తవిటినాయుడు కబురు పెడితే వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. మూడో కుర్చీలో తహసీల్దారుగారు కూర్చున్నారు.

"ఇటు రా అప్పా," అని తవిటినాయుడు ఆమెని పక్క దారిన స్టోరు గదిలోకి తీసుకెళ్లాడు. గోడకి ఆనించిన ఒక కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. రిజర్వు సెట్టు అక్కడ సిద్ధంగా ఉంది. పదకొండు దోషాలూ ఎక్కించిన కొత్త రిజిస్టరు తెరిచి ఒక చోట వేలిముద్ర వేయించుకున్నాడు.

"ఏటిది బాబూ?"

"స్టోర్లో సరుకు సరిగ్గా ఉందో లేదో వారానికోసారి సాక్షి ముందు చూసుకోవాలి. ఇప్పట్నించీ నువ్వే సాక్షివి. పదకొండూ ఉన్నాయో లేవో విని చెప్పు."

ఆమెకి అర్థం కాలేదు. అతను హెడ్‌ఫోన్స్ పెట్టి, పదిహేడు మెట్లూ ఎక్కి, పాట తెరిచాడు. దీపం ఊదాగా వెలిగింది. దాలమ్మ ముఖం మారడం చూసి అతను రిజిస్టరు చంకన పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి హాల్లోకి పరిగెత్తాడు.

హాల్లో చిదంబరేశ్వరరావు ఉపన్యాసం ముగిస్తున్నాడు. "ఈ గీతమునందు మీరు ఏమియు వినరు. వినుటకు ఏ దోషమునూ మిగల్చలేదు." జనం చప్పట్లు కొట్టారు. అధ్యక్షులవారు హెడ్‌ఫోన్స్ ధరించారు. తవిటినాయుడు శుద్ధ ప్రతి నొక్కాడు. దీపం వెలిగింది. అధ్యక్షులవారు కళ్లు మూసుకున్నారు. ఆయనని చూసి తహసీల్దారుగారు, ఆయన్ని చూసి మిగిలినవాళ్లు కళ్లు మూసుకున్నారు. హాలంతా చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దమైపోయింది. అధ్యక్షులవారు తాళం కూడా వేస్తున్నారు.

చెవులకి హెడ్‌ఫోన్స్ ఉన్న మనిషికి తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు. స్టోరు గదిలోంచి ఒక్కసారిగా, పొలం అవతలి గట్టుకి వినబడేలా కేక వచ్చింది.

"వస్తన్నానే అమ్మా."

ఆ వెంటనే ఒక నవ్వు. నలభై అయిదేళ్లు దాచిపెట్టుకున్న నవ్వు అది. వారం వారం ఆమె పెదాల మీదకొచ్చి ఆగిపోయిన మాట ఏదో తవిటినాయుడికి అప్పుడు తెలిసింది.

జనం కళ్లు తెరిచారు. అధ్యక్షులవారు కూడా తెరిచారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"విన్నారా? ఇదీ స్పష్టత," అన్నారు. "మనిషి అచ్చంగా పక్క గదిలో ఉన్నట్టే వినిపించింది. తల్లి పిలిస్తే కూతురు పలికినట్టే ఉంది. విమానంలో కూడా ఇంత బాగా వినలేదయ్యా."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. చిదంబరేశ్వరరావు మాత్రం చప్పట్లు కొట్టలేదు. జనంలోంచి తోసుకుంటూ తవిటినాయుడి దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"ఏమయ్యా, సున్నా దోషముల గీతమున ఆ శబ్దము ఎక్కడిది? అది గీతమా, దోషమా?"

"దోషమే సార్. స్టోర్లోది."

"జాబితాలో ఉన్నదా?"

"లేదు సార్. కొత్తగా వచ్చింది."

ఆయన అటూ ఇటూ చూశాడు. "జాబితాలో లేని దోషము ఉండరాదు. వెంటనే చేర్చుము," అని జేబులోంచి తన కలం తీసి ఇచ్చాడు.

తవిటినాయుడు రిజిస్టరు తెరిచాడు. తొమ్మిది, పిలుపు. పది, తిట్టు. పదకొండు, నవ్వు. వాటి కింద గుండ్రటి అక్షరాలతో రాశాడు.

పన్నెండు. జవాబు, ఒకటి.